అమ్మగారితో, పిల్లలతో తలకోన జలపాతానికి: భయపడాల్సింది అడవికి కాదు, తడి బండకు

నమస్కారమండీ. చదివే మిగతావారి కోసం మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. గుంటూరు బ్రాడీపేట నుంచి మీరు, మీ శ్రీమతి, తొమ్మిది, పన్నెండేళ్ల పిల్లలిద్దరు, అరవై రెండేళ్ల అమ్మగారు డిసెంబరులో తలకోన వెళ్లాలనుకుంటున్నారు. అడవిలో కొంత దూరం నడిచి, ఎత్తయిన జలపాతాన్ని దగ్గరగా చూడాలని కోరిక. పక్కనే ఎత్తిపోతల ఉండగా అంత దూరం ఎందుకని బంధువులు అంటున్నారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. మీ శ్రీమతికి చిరుతల భయం. వెళ్లవచ్చా, వెళితే ఎలా వెళ్లాలి అని అడిగారు.

వెళ్లండి. తలకోనకే వెళ్లండి. నేను విజయవాడలో ఉంటూ మూలపాడు, కొండపల్లి అడవుల నుంచి నల్లమల, శేషాచలం దాకా కుటుంబాలను, కాలేజీ పిల్లలను ఏళ్లుగా నడిపిస్తున్నాను. మొదటిసారి అడవి బాట పట్టే కుటుంబానికి తలకోనకు మించిన చోటు మన రాష్ట్రంలో నాకు కనబడలేదు. అయితే మీరు భయపడుతున్నది ఒకదానికి, నిజంగా జాగ్రత్త పడాల్సింది మరొకదానికి. ఆ తేడా మీ మనసులో బాగా నాటుకోవాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఎత్తిపోతల సంగతి. చంద్రవంక వాగు మీద ఉన్న ఆ జలపాతం ఎత్తు సుమారు 70 అడుగులు. నాగార్జునసాగర్ డ్యాము నుంచి 11 కిలోమీటర్ల దూరం. కారు దిగి నాలుగు అడుగులు వేస్తే చాలు, ఎదురుగా ఉన్న గట్టు మీద నిలబడి చూడవచ్చు. అమ్మగారికి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ అక్కడ మీరు కోరుకున్న అడవి నడక లేదు, జలపాతం దగ్గరికి వెళ్లడమూ కుదరదు. కింద గుండంలో మొసళ్లున్నాయి. ఏదో ఒక ఆదివారం పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరే ప్రయాణం అది. దాన్ని దానిలాగే ఉంచుకోండి, తలకోనకు బదులుగా అనుకోకండి.

నల్లమలలో మల్లెలతీర్థం కూడా బాగుంటుంది. అయితే అక్కడ వందల మెట్లు దిగి జలపాతం చేరాలి, అలసిపోయాక మళ్లీ అవే మెట్లు ఎక్కి బయటపడాలి. పిల్లలు హుషారుగా దిగిపోతారు, తిరిగి రావడానికి మొరాయిస్తారు. తలకోనలో దీనికి వ్యతిరేకం. ఓపిక ఉన్నప్పుడే ఎక్కుతాం, తిరుగు ప్రయాణం దిగువకు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్నప్పుడు నేను ఎప్పుడూ ఎక్కుడు ముందుండే దారినే ఎంచుకుంటాను. మధ్యలో ఎవరికి చేతకాకపోయినా అక్కడి నుంచే వెనక్కి తిరగవచ్చు.

తలకోన తిరుపతి జిల్లా ఎర్రావారిపాళెం మండలంలో, శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం పరిధిలో ఉంది. జలపాతం ఎత్తు 270 అడుగులు, అంటే 82 మీటర్లు. రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తయినదిగా చెబుతారు. కింద సిద్ధేశ్వరస్వామి ఆలయం ఉంది, అక్కడి నుంచి జలపాతం దాకా సుమారు రెండు కిలోమీటర్లు. పిల్లలతో ఆగుతూ, చూస్తూ, నీళ్లు తాగుతూ వెళ్తే గంట నుంచి గంటన్నర పడుతుంది.

డిసెంబరు అన్నారు, మంచి నిర్ణయం. మన గుంటూరు వాళ్లు చాలామంది జలపాతమంటే జూలై, ఆగస్టుల్లోనే చూడాలనుకుంటారు. కృష్ణకు, నల్లమలకు ఆ లెక్క సరిపోతుంది, అక్కడ నైరుతి రుతుపవనాలే ప్రధానం. శేషాచలం కొండలకు మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వాన ముఖ్యం. మేలో పలుచగా, నూలుపోగులా జారే ధార డిసెంబరులో నిండుగా ఉంటుంది.

అదే కాలంలో బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో, ఆ వానలకే చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు ఎలా కొట్టుకుపోయిందో మీరు పత్రికల్లో చదివే ఉంటారు. కాబట్టి ప్రయాణానికి ముందు మూడు రోజులు వాతావరణ శాఖ తిరుపతి జిల్లాకు ఇచ్చే హెచ్చరికలు చూడండి. నారింజ రంగు హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. గుంటూరులో ఎండ కాస్తోందని, టికెట్లు వృథా అవుతాయని మొండికేయవద్దు. వాన వెలిశాక రెండు రోజులు ఆగి వెళ్తే నీళ్లు తేటపడతాయి, చూడటానికీ అప్పుడే అందం.

దారి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. గుంటూరులో రాత్రి నారాయణాద్రి ఎక్కితే తెల్లవారేసరికి తిరుపతిలో ఉంటారు. రిజర్వేషన్లు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి కాబట్టి ఇక ఆలస్యం చేయకుండా ఇప్పుడే చేసుకోండి. వైకుంఠ ఏకాదశి రోజులు తప్పించండి, ఆ వారం తిరుపతిలో గది దొరకడమే గగనం. స్టేషన్ దగ్గర స్నానపానాదులు, టిఫిను ముగించుకుని కారు మాట్లాడుకుంటే భాకరాపేట మీదుగా యాభై అరవై కిలోమీటర్లు. భాకరాపేట ఘాట్‌లో మలుపులు ఎక్కువ. పిల్లలకు కడుపులో తిప్పే గుణం ఉంటే కారు ఎక్కడానికి ముందు నూనె పిండివంటలు పెట్టకండి. కారును సాయంత్రం దాకా మీతోనే ఉంచుకోండి. తలకోనలో సెల్‌ఫోను సిగ్నల్ నమ్ముకోదగ్గది కాదు, తిరిగి వచ్చేటప్పుడు ఫోను చేసి బండి పిలిపించుకుంటామనుకుంటే చిక్కుపడతారు.

ఇంకో నెల వ్యవధి ఉంది కాబట్టి ఇప్పుడే ఒక పని చేయండి. ఒక ఆదివారం పొద్దున్నే అందరూ మంగళగిరి వెళ్లి పానకాలస్వామి మెట్లు ఎక్కండి. తలకోనలో వేసుకోబోయే బూట్లతోనే, భుజాన నీళ్ల సంచితోనే ఎక్కాలి. మరో ఆదివారం కొండవీడు వెళ్లండి, అక్కడ రాతి నేల కూడా అలవాటవుతుంది. రెండు ఆదివారాల్లో కండ బలం పెరుగుతుందని కాదు. ఎవరి బూటు ఎక్కడ ఒరుసుకుంటుందో, చిన్నవాడు ఎంతసేపటికి ఆకలంటాడో, అమ్మగారి మోకాలు ఎక్కేటప్పుడు నొప్పి పెడుతుందా దిగేటప్పుడా అన్నది ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. దిగేటప్పుడైతే, సాధారణంగా అదే జరుగుతుంది, దానికి తగ్గట్టు ఏర్పాటు చేసుకోవచ్చు.

బూట్ల గురించి విడిగా అడిగారు. ఖరీదైన ట్రెక్కింగ్ బూట్లు అక్కర్లేదు. అడుగున గాడులు లోతుగా ఉన్న మామూలు బూట్లు, మడమ వెనక పట్టీ ఉన్న గట్టి శాండల్స్ చాలు. అడుగు అరిగిపోయిన పాత బూట్లు, హవాయి చెప్పులు వద్దు. బూట్లు కొత్తవైతే కనీసం రెండు వారాలు వేసుకుని తిరిగాకే తీసుకురండి. జీన్స్ తడిస్తే బరువెక్కి మోకాలు మడవనివ్వదు. పలుచటి పొడవు ప్యాంటు, పొడవు చేతుల చొక్కా మేలు. అమ్మగారికి చీర బదులు సల్వార్ కమీజ్ సౌకర్యంగా ఉంటుంది. ఆమె చీరే కడతానంటే కుచ్చిళ్లు పైకి దోపి, బూట్లు మాత్రం తప్పనిసరిగా వేయించండి.

ఇక నడక. ఆలయం దాటగానే చెట్లు దగ్గరవుతాయి, ఎండ తగ్గుతుంది. పిల్లలకు గిల్లతీగను తప్పకుండా చూపించండి. తీగ అంటారు గానీ మనిషి తొడంత మందాన మెలికలు తిరిగి, ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదకు పాకిపోతూ ఉంటుంది. దాని కాయ చిక్కుడు జాతిదే, పొడవు మాత్రం చిన్నవాడి నడుము దాకా వస్తుంది. గింజలు అరచేతిని సగం నింపేంత పెద్దవి, ముదురు గోధుమ రంగులో నున్నగా మెరుస్తాయి. చేతిలోకి తీసుకుని చూడనివ్వండి, మళ్లీ అక్కడే పెట్టించండి. జాతీయ వనంలోంచి గింజ తేవడం కూడా తప్పే. తీగ పట్టుకుని ఊగడం అంతకన్నా తప్పు. పైన ఎండిన కొమ్మ ఎక్కడ తగులుకుని ఉందో కింద ఉన్నవాళ్లకు కనబడదు.

ఈ కొండల్లో ఎర్రచందనం ఉంది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. అందుకే అటవీ సిబ్బంది బాట వదిలినవాళ్లను అనుమానంగా చూస్తారు, చూడాలి కూడా. చెక్‌పోస్టులో సంచులు విప్పమంటే విసుక్కోకుండా విప్పండి. ఆ రోజు జలపాతం దాకా పంపుతున్నారా, స్నానానికి అనుమతి ఉందా, నీళ్లు ఎలా ఉన్నాయి అని అక్కడే అడగండి. నా ప్రయాణాల్లో అన్నిటికన్నా పనికివచ్చిన సమాచారం ఎప్పుడూ చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డవాళ్ల నుంచే వచ్చింది.

చిరుతల మాట. మీ శ్రీమతి భయాన్ని నేను కొట్టిపారేయను. 2023 ఆగస్టులో ఇవే కొండల్లో, తిరుమల కొండెక్కే అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది. ఆ తరువాత మధ్యాహ్నం రెండు దాటాక పదిహేనేళ్ల లోపు పిల్లలను ఆ దారిలో పంపకుండా ఆంక్ష పెట్టారు. ఆ నియమం తలకోనది కాకపోయినా మీరు మీ కుటుంబానికి దాన్నే పెట్టుకోండి. చిరుత సాధారణంగా మసక చీకట్లో, ఒంటరిగా, ముందో వెనకో మిగిలిపోయిన చిన్నదాన్ని ఎంచుకుంటుంది. పట్టపగలు పెద్దల మధ్య మాట్లాడుతూ నడిచే పిల్లల జోలికి రావడం అరుదు. ముందు ఒక పెద్ద, వెనక ఒక పెద్ద, మధ్యలో పిల్లలు. ఎవరూ ముందుకు పరుగెత్తకూడదు, బూటు తాడు కట్టుకోవడానికి ఎవరైనా ఆగితే అందరూ ఆగాలి. భాకరాపేట వైపు అడవుల్లో ఏనుగులూ తిరుగుతాయి. అవి అటువైపు వచ్చాయని చెక్‌పోస్టులో చెబితే ఆ రోజుకు ఆలయం చూసుకుని వెనక్కి తిరగండి, ఒక్క మాట కూడా ఎదురు చెప్పకండి.

కోతుల వల్లే మీకు ఎక్కువ చికాకు. చేతిలో ప్లాస్టిక్ కవరు కనబడితే అందులో తిండి ఉందని వాటికి తెలుసు. పులిహోర, దద్దోజనం డబ్బాల్లో పెట్టి, డబ్బాలను జిప్పు సంచిలో వేసి భుజాన తగిలించుకోండి. పిల్లల చేతికి బిస్కెట్ పొట్లం ఇవ్వకండి. కోతి లాగితే వదిలేయమనండి. కరిచినా, గోరు గీసుకుని రక్తం కనబడినా గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించాలి.

ఇప్పుడు అసలు విషయం. అడవి బాట అయిపోయి జలపాతం కనబడ్డాక మిగిలే ఆ చివరి వంద అడుగులు. నేను తీసుకెళ్లిన వాళ్లలో దెబ్బలు తగిలించుకున్న వాళ్లందరూ అక్కడే తగిలించుకున్నారు, అడవిలో కాదు. కారణం తేలికే. అంతసేపు నేల చూసుకుంటూ నడిచిన మనిషి జలపాతం కనబడగానే తలెత్తుతాడు. సరిగ్గా అక్కడే నేల మారిపోతుంది.

శేషాచలం కొండల పైభాగం క్వార్ట్‌జైట్ రాయి. గట్టిది, అరగదు, నిట్టనిలువుగా విరుగుతుంది, అంత ఎత్తు నుంచి నీళ్లు ఒక్కసారిగా దూకేది అందుకే. పొడిగా ఉన్నప్పుడు ఆ రాయి మీద బూటు చక్కగా పట్టుకుంటుంది. తుంపర పడే చోట దాని మీద పాకుడు పడుతుంది. పచ్చగా ఉన్న పాకుడును అందరూ గుర్తుపడతారు, తప్పుకుంటారు. జారిపడేది నల్లగా, గోధుమ రంగులో, తడి బండ సహజ రంగులా కనిపించే పలుచటి పొర మీద. వేలితో రాసి చూస్తే జిగురుగా తగులుతుంది. పిల్లలిద్దరి చేతా ఆ పొరను ఒకసారి తాకించండి. "జాగ్రత్త" అని ఇరవైసార్లు అరవడం కన్నా అది బాగా పనిచేస్తుంది.

ఆ బండల మీద పెద్ద అంగలు వేయకూడదు, ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదకు దూకకూడదు. పాదం మొత్తం ఆనించి, బరువు మెల్లగా మోపి, అప్పుడు రెండో కాలు ఎత్తాలి. అనుమానంగా ఉంటే కూర్చుని జరగాలి. పిల్లల చెయ్యి పట్టుకుని పైనుంచి లాగకండి. వాళ్లు జారితే మిమ్మల్నీ పడేస్తారు. మీరు ఒక మెట్టు కింద నిలబడి, వాళ్లు మీ వైపు దిగేలా చూడండి. ఫోను జేబులో ఉండాలి. ఫొటో కావాలంటే పొడి చోట రెండు కాళ్లూ నిలదొక్కుకుని, ఆగి తీసుకోండి. వెనక్కి అడుగులు వేస్తూ ఫొటో తీయడం వద్దే వద్దు.

సరిగ్గా ధార కింద నిలబడాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది. వద్దు. 82 మీటర్ల నుంచి పడే నీళ్లు గాలికి చెదిరి తుంపరవుతాయి, బాగానే ఉంటుంది. వాటితోపాటు ఊడిపడే రాయి మాత్రం చెదరదు. గాలి అడ్డును పక్కన పెట్టి లెక్కవేస్తే ఆ ఎత్తు నుంచి నాలుగు సెకన్లలో కిందికి వస్తుంది, వచ్చేసరికి దాని వేగం గంటకు 140 కిలోమీటర్లు. గోలీకాయంత రాయి చాలు. నీటి హోరులో అది పడుతున్న చప్పుడు కూడా వినబడదు. వానల తరువాత రాళ్లు ఊడటం ఎక్కువ, మీరు వెళ్తున్నది సరిగ్గా వానల తరువాతే. తుంపర మొహాన పడేంత దూరంలో, పక్కకు నిలబడండి. ఆనందం ఏమీ తగ్గదు.

గుండంలోకి దూకడం గురించి మీ పెద్దవాడికి ఇంట్లోనే చెప్పండి. పైకి తేటగా కనిపించే నీళ్ల కింద బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, వాటి మధ్య సందులుంటాయి. అలా దూకి తల రాళ్ల మధ్య ఇరుక్కుని ఒక యువకుడు తలకోనలోనే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఈత వచ్చినవాడికీ అక్కడ ఈత పనికిరాదు. అనుమతి ఉంటే అంచున, మోకాలి లోతు దాకా మాత్రమే.

చేరగానే చేయాల్సిన పని ఇంకొకటుంది. నీటి అంచున ఒక రాయిని గుర్తుపెట్టుకుని, దాని మీద నీళ్లు ఎంత మేరకు తగులుతున్నాయో చూసుకోండి. పది నిమిషాలకోసారి దాన్ని చూస్తూ ఉండండి. కొండ పైన ఎక్కడో కురిసిన వాన మీకు కనబడదు, మీ నెత్తిన ఎండే ఉంటుంది. తేట నీరు ఎర్రబడటం, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకురావడం, హోరు బరువుగా మారడం, గుర్తు పెట్టుకున్న రాయి మునగడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా సామాన్లు ఏరుకోకుండా పక్క గట్టు మీదకు ఎక్కేయాలి. వాగు దాటి అవతలి ఒడ్డుకు పోవాలని చూడకండి, ఏ ఒడ్డున ఉంటే ఆ ఒడ్డునే పైకి వెళ్లాలి. చెప్పులు, ఫోన్లు, డబ్బాలు పోతే పోనివ్వండి.

అమ్మగారి గురించి. మంగళగిరి మెట్ల మీద ఆమె బాగానే ఉంటే తలకోన బాట ఎక్కించవచ్చు. ఒక కర్ర ఇవ్వండి, నొప్పి ఉన్న మోకాలికి ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో. రెండు మోకాళ్లూ నొప్పి అయితే రెండు కర్రలు. దిగేటప్పుడు చిన్న అడుగులు, మెట్టు ఎత్తుగా ఉన్నచోట పక్కకు తిరిగి దిగడం. చివరి బండలు మాత్రం ఆమె దిగనవసరం లేదు. జలపాతం అంతకు ముందే కనబడుతుంది, అక్కడే ఒక పొడి చోట కూర్చోబెట్టండి. మీరు, మీ శ్రీమతి వంతులు వేసుకుని ఒకరు ఆమె దగ్గర ఉండండి. "నేనిక్కడ కూర్చుంటాను, మీరు వెళ్లి రండి నాయనా" అని అమ్మలందరూ అంటారు. అడవిలో ఆ మాట వినకండి. ఒంటరిగా ఎవరినీ వదలకూడదు.

సమయం విషయంలో గట్టిగా ఉండండి. ఉదయం పదిలోపు ఆలయం దగ్గర నడక మొదలవ్వాలి. మధ్యాహ్నం రెండు గంటలకు ఎక్కడ ఉన్నా వెనక్కి తిరగాలి, జలపాతం ఇంకా కనబడకపోయినా సరే. డిసెంబరులో సూర్యుడు ఆరు లోపే అస్తమిస్తాడు, కోనలో అంతకు చాలా ముందే వెలుతురు తగ్గిపోతుంది. ఈ నియమాన్ని బయల్దేరే ముందే పిల్లలకు చెప్పి ఒప్పించండి. అక్కడికి వెళ్లాక చెబితే బేరాలు మొదలవుతాయి.

మనిషికి లీటరు నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, వెడల్పు కట్టు గుడ్డ, టార్చి, అమ్మగారి మందులు, ఒక జత పొడి బట్టలు ఉంటే చాలు. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏవీ చేయకండి. కరిచిన కాలు కదలకుండా పుల్ల కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని కిందికి తెచ్చి, మీ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సిగ్నల్ అందిన చోట 108కు చెప్పండి. మంత్రాలకు, పసర్లకు పోయే ప్రతి నిమిషం నష్టమే.

ఇంటికి వచ్చాక బట్టలన్నీ వేడి నీళ్లలో ఉతికి, పిల్లల చంకలు, నడుము, గజ్జలు, చెవుల వెనక చూడండి. పొదల్లో ఉండే చిన్న పురుగులు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది, మన రాష్ట్రంలో అది ఉంది. కుట్టిన చోట సిగరెట్ చుర్రుమనిపించినట్టు నల్లటి మచ్చ పడవచ్చు, కొందరిలో పడకపోవచ్చు కూడా. మూడు వారాల లోపు ఎవరికైనా జ్వరం వస్తే వైరల్ అనుకుని ఇంట్లో పారాసిటమాల్ వేసుకుంటూ కూర్చోకండి. వైద్యుడి దగ్గరికి వెళ్లి, అడవిలో తిరిగి వచ్చామని మీరే ముందుగా చెప్పండి. డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుతోనే నయమయ్యే జబ్బు అది, ఆలస్యమైతేనే ప్రమాదం.